కోనేరు హంపి: ర్యాపిడ్‌లో రెండు కిరీటాలు, క్లాసికల్‌లో ఒక్కటీ లేదేం?

నల్లగుర్రం:
హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చదరంగం) గెలిచారు. క్లాసికల్ (గంటల తరబడి సాగే ఆట) ప్రపంచ టైటిల్ మాత్రం చేతికి రాలేదు. ఆవిడది ఓపిగ్గా ఎండ్‌గేమ్ (కొన్ని పావులే మిగిలిన చివరి దశ) దాకా లాగి గెలిచే ఆట కదా, ఆ లెక్కన ఇది తారుమారుగా ఉండాలి. లోపం ఆటలోనా, పోటీ పద్ధతిలోనా?

ఎండ్‌గేమ్ పిచ్చి:
పద్ధతి వాటా పెద్దదండి. 2004 ఎలిస్టా, 2008 నల్చిక్, 2010 హతాయ్, ఈ మూడు ప్రపంచ చాంపియన్‌షిప్ నాకౌట్లలోనూ సెమీస్‌లోనే ఆగిపోయారు. చివరి రెండుసార్లూ అడ్డుపడింది చైనా క్రీడాకారిణి హౌ ఇఫానే. నాకౌట్ సెమీస్‌లో రెండే క్లాసికల్ గేములు. మొదటిది పోతే రెండోది గెలిచి తీరాలి, అదీ ఒక్కోసారి నల్లపావులతో. ప్రపంచ ర్యాపిడ్ జరిగే స్విస్ పద్ధతిలో అలా కాదు, ఓడినా బయటికి పోరు, అన్ని రౌండ్లూ ఆడి పాయింట్లు కూడబెట్టుకోవచ్చు. న్యూయార్క్‌లో తొలి రౌండే ఓడిపోయారు, అయినా 11 రౌండ్లలో 8.5 చేసి ఒంటరిగా మొదటి స్థానం. చివరి రౌండ్‌లో ఇరీన్ సుకందర్ మీద నల్లపావులతో గెలిచారు కాబట్టి టైబ్రేక్ (పాయింట్లు సమమైతే తేల్చే పద్ధతి) గొడవే లేకపోయింది.

ఇక ఓపిక సంగతి. ప్రపంచ ర్యాపిడ్ గడియారం 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్ల ఇంక్రిమెంట్ (అదనపు సమయం), అంటే 15+10. ఆట 60 ఎత్తులు సాగితే ఇంక్రిమెంటే మరో 10 నిమిషాలు కలుపుతుంది. జెండా పడుతుందన్న (టైమ్ అయిపోయి ఓడతామన్న) భయం అంతగా ఉండదు, కానీ ఒక బంటు తక్కువతో డిఫెన్స్ చేసేవాళ్ళకి లోతుగా లెక్కేసే తీరికా ఉండదు. ఎండ్‌గేములు బాగా తెలిసినవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? అదే స్థానాన్ని క్లాసికల్‌లో అవతలివాళ్ళు అరగంట కూర్చుని డ్రా చేసేస్తారు.

పావు కదిపితే:
పద్ధతి మీదకే నెట్టేయకండి. 2011 టిరానా నాకౌట్ కాదు, ప్రపంచ టైటిల్ కోసం హౌతో పది గేముల మ్యాచ్. ఎనిమిదింటికే 5.5–2.5తో ముగిసింది: హౌ మూడు గెలిచింది, ఐదు డ్రాలు, హంపికి ఒక్క గెలుపూ లేదు. రేటింగ్‌లో 2600 దాటిన రెండో మహిళ, 2009లో 2623 దాకా వెళ్ళిన క్రీడాకారిణి మీద ఆ స్కోరంటే, ఆ రోజుల్లో హౌ స్థాయి అది.

పైగా స్విస్ కూడా ప్రతిసారీ కలిసిరాలేదు. మాస్కోలో 12 రౌండ్లకు 9 పాయింట్లతో ముగ్గురు సమం: హంపి, లీ టింగ్జీ, ఎకతెరీనా అతాలిక్. టైబ్రేక్ లెక్కలో మొదటి ఇద్దరికే ప్లేఆఫ్. హంపి మొదటి బ్లిట్జ్ (ఇంకా వేగమైన ఆట) ఓడి, రెండోది గెలిచి, ఆర్మగెడాన్ అనే ఆఖరి నిర్ణాయక గేములో నల్లపావులతో డ్రా చేశారు. అక్కడ నల్లపావులకు డ్రా అంటే గెలుపే. 2025లో దోహాలో మళ్ళీ ముగ్గురు 8.5 దగ్గర సమం. ఈసారి లెక్కలో ఆవిడే మూడో స్థానం, ప్లేఆఫ్ ఆడకుండానే కాంస్యం.

నల్లగుర్రం:
బాగుంది. మరి 2025 బటూమీ వరల్డ్ కప్ ఫైనల్? దివ్య దేశ్‌ముఖ్‌తో తేలింది 15+10 ర్యాపిడ్‌లోనే కదా, ఆవిడకి అచ్చొచ్చిన గడియారమే.

ఎండ్‌గేమ్ పిచ్చి:
అందుకే ర్యాపిడ్ అనగానే ఒకే గాటన కట్టకూడదు. క్లాసికల్ రెండూ డ్రా, ర్యాపిడ్ 1.5–0.5. రెండే గేముల్లో ఒక తప్పు పడితే దిద్దుకునే చోటే ఉండదు. దానికి ముందు లీ టింగ్జీతో సెమీస్ 5+3 (5 నిమిషాలు, ఎత్తుకు 3 సెకన్లు) గేముల దాకా వెళ్ళి 5–3తో ముగిసింది, అంటే మొత్తం ఎనిమిది గేములు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఆ బరువు ఉంటుందనే నా అంచనా.

ఆవిడ నిలకడ కొలవాలంటే 2024 టొరంటో క్యాండిడేట్స్ (ప్రపంచ చాంపియన్‌తో ఆడేదెవరో తేల్చే పోటీ) చూడండి: ఎనిమిదిమంది, 14 రౌండ్లు. రెండో సగంలో పుంజుకుని 7.5తో, టైబ్రేక్ మీద రెండో స్థానం. గెలిచిన టాన్ జోంగీకి 9. ఆ గేములు ఇంజిన్ ఆపేసి తిప్పండి. రెండువైపులా మంత్రులు బోర్డు మీంచి పోయిన దగ్గర ఆపి తర్వాతి ఎత్తు మీరే ఊహించి, ఆపైన సరిచూసుకోండి.