స్క్విడ్, ఆక్టోపస్, టేకు చేప, కౌజు, కుందేలు: ముందు ఏది, ఎలగ వండాలి?

నాగావళి_గట్టు:
అందరికీ నమస్కారం. మేకమాంసం, నాటుకోడి, రొయ్యలు, పీతలు మనకి అలవాటే. అవి దాటి కొత్త మాంసాలు రుచి చూద్దామని నలుగురం అనుకుంటున్నాం. శ్రీకాకుళంలో కౌజు పిట్టలు, ఫారం కుందేలు దొరుకుతున్నాయి. కళింగపట్నం, భావనపాడు వైపు పడవలు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్తే స్క్విడ్, టేకు (రెక్కలు పరిచినట్టుండే చదునైన చేప), ఒక్కోసారి ఆక్టోపస్ కూడా ఇస్తున్నారు. వీటిలో దేనితో మొదలెట్టాలి? గ్యాస్ పొయ్యి, మూడు లీటర్ల కుక్కరు, ఇనప పెనం ఉన్నాయి. ఓవెన్ లేదు. మాలో ఒకరు వచ్చే నెల బ్యాంకాక్ వెళ్తున్నారు, అక్కడ ఏం తినొచ్చో, ఏం ముట్టుకోకూడదో కూడా చెప్పండి. ఒకరికి రొయ్యలు పడవు, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్తే మేలు.

భావనపాడు_వంటిల్లు:
తమ్ముడూ, స్క్విడ్‌తో మొదలెట్టండి. వాసన తక్కువ, ముల్లు ఉండదు, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. చాలామంది కొత్త మాంసం ఏది తెచ్చినా నాటుకోడి కూర పద్ధతిలోనే వండేస్తారు, చెడేది అక్కడే. దేనిలో కొవ్వు ఎంత, బిగువు ఎంత అన్నదాన్ని బట్టి సెగ మారాలి.

స్క్విడ్ తలని పట్టుకుని మెల్లగా లాగితే లోపలి పేగులతో సహా వచ్చేస్తుంది. సిరా సంచి పగిలినా కంగారు వద్దు, కడిగితే పోతుంది. గొట్టం లోపల ప్లాస్టిక్ పుల్లలాంటి పారదర్శకమైన ఈనె ఉంటుంది, దాన్ని పీకేయాలి. పైన ఊదారంగు పొర ఒలిచేయాలి. కళ్ల కింద కోసి, కాళ్ల మధ్యలో ఉన్న గట్టి ముక్కుని వేలితో నొక్కి బయటికి తీయాలి. కిలో తెస్తే శుభ్రం చేశాక 650 గ్రాముల దాకా మిగులుతుంది.

దీనికి రెండే దారులు. పెద్ద మంట మీద రెండు నిమిషాలు, లేదంటే సన్న సెగ మీద నలభై నిమిషాలు. మధ్యలో, అంటే ఐదు నుంచి ఇరవై నిమిషాల లోపు దించితే రబ్బరే. వేడికి కండ ముందు ముడుచుకుని నీరు వదిలేస్తుంది. తర్వాత చాలాసేపటికి గాని అందులోని బిగువు కరిగి జిగురుగా మారదు. వేపుడుకైతే సెంటీమీటరు చక్రాలుగా కోసి, గుడ్డతో బాగా తడి ఒత్తాలి. పెనం పొగలు వచ్చేదాకా కాల్చి, ఒక్కో వాయికి 150 గ్రాములకి మించకుండా వేయండి. ఎక్కువ వేస్తే పెనం చల్లారి నీరు ఊరుతుంది, అప్పుడు వేగదు, ఉడుకుతుంది. ఉప్పు దించే ముందే వేయాలి.

ఆక్టోపస్‌కి పెద్ద మంట దారి లేదు, మెత్తగా ఉడకాల్సిందే. తల తిరగేసి లోపలివన్నీ తీసేసి, కళ్లు, ముక్కు కోసేసి, గుప్పెడు కల్లుప్పుతో కాళ్ల మీద గిన్నెల్లా ఉండే బొడిపెలన్నీ రుద్ది కడగండి. జిగురు, ఇసుక పోవాలి. రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి, ఫ్రిజ్‌లోనే కరగనిస్తే కండ నారలు తెగి త్వరగా మెత్తబడుతుంది. బండకేసి కొట్టే పని తప్పుతుంది. చుక్క నీరు పోయకుండా, ఉప్పు వేయకుండా మందపాటి గిన్నెలో మూతపెట్టండి. తన నీరు తనే వదులుతుంది, ఆ నీరు ఉప్పగానే ఉంటుంది. కిలోకి గంట వరకు పడుతుంది. గలగలా మరగనిస్తే తోలు ఊడిపోతుంది, అక్కడక్కడ బుడగ వచ్చే సెగ చాలు. కాలు తలకి అంటుకునే మందమైన చోట కత్తిమొన దిగితే అయినట్టు. కిలో ఆక్టోపస్ ఉడికాక సగం దాకా తగ్గిపోతుంది, మనుషుల లెక్క దాన్నిబట్టి వేసుకోండి. చింతపండు పులుసు, కారం అన్నీ మెత్తబడ్డాకే.

టేకు, సొర సంగతి వేరు. వీటి ఒంట్లో యూరియా ఉంటుంది. చచ్చాక అది అమ్మోనియాగా మారుతుంది. కొనేటప్పుడు మొప్పల దగ్గర ముక్కు పెట్టి చూడండి, కళ్లు మండే ఘాటు ఉంటే వదిలేయండి. ఆ వాసన ఏ మసాలాతోనూ పోదు. తాజాదైనా ముక్కల్ని పల్చటి మజ్జిగలోనో చింతపండు నీళ్లలోనో అరగంట ఉంచి కడగాలి. సొర పుట్టుకైతే తోలుతోనే పది నిమిషాలు ఉడికించి, గరుకు తోలు గీకేసి, మాంసం చిదిపి గుడ్డలో గట్టిగా పిండాలి. ఇక్కడ బద్ధకిస్తే పుట్టు పొడిపొడిగా రాదు, ముద్ద కడుతుంది. తర్వాత వెల్లుల్లి, పచ్చిమిర్చి, పసుపు, కరివేపాకు. వెల్లుల్లికి వెనకాడొద్దు.

చంపావతి:
కౌజు, కుందేలు నేను చెప్తానండి.

కౌజు ఫారంలో ఐదారు వారాలకే అమ్మకానికి వస్తుంది. శుభ్రం చేశాక ఒక్కోటి 130 నుంచి 150 గ్రాములు, మనిషికి రెండు కావాలి. వెన్నెముక పక్కగా కత్తెరతో కోసి తీసేసి, రొమ్ము మీద అరచేత్తో నొక్కితే చదునుగా పరుచుకుంటుంది. అప్పుడు రొమ్ము, తొడ ఒకేసారి వేగుతాయి. పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి గంట చాలు. బొప్పాయికాయ ముద్ద కలిపి రాత్రంతా ఉంచమని కొందరంటారు, ఇంత పల్చటి కండకి అది పనికిరాదు, పిండి పిండి అయిపోతుంది. ఇనప పెనం మీద తోలు వైపు ఐదు నిమిషాలు, రెండో వైపు నాలుగు. తొడ దగ్గర గుచ్చితే కారే రసం తేటగా ఉండాలి.

కుందేలుని కొట్టువాడి చేత మేకమాంసంలా కత్తితో టకటకా కొట్టించకండి. ఎముకలు సన్నం, పగిలి సూదుల్లా చీలతాయి, కూరలో గొంతుకి గుచ్చుకుంటాయి. మొత్తంగా తెచ్చుకుని కీళ్ల దగ్గర కోసుకోండి. ముందు కాళ్లు కండతోనే ఒంటికి అతుక్కుని ఉంటాయి, కత్తి పెడితే ఊడొస్తాయి. వెనక తొడలు తుంటి కీలు దగ్గర తిప్పి కోయాలి, నడుము మూడు ముక్కలు చేయాలి. కాలేజం మీదున్న పిత్తం సంచి పగలకుండా తీయండి, పగిలితే చేదే.

కుందేలులో కొవ్వు అసలు లేనట్టే. అడవి కుందేళ్ల మాంసం ఒక్కటే తిని బతికితే, కడుపు నిండా తిన్నా కొవ్వు అందక జబ్బుపడతారని ఉత్తరధ్రువ ప్రాంతపు అన్వేషకుడు స్టెఫాన్సన్ రాశాడు. మన వంటింట్లో అంత సమస్య లేదు గాని, ముక్క పీచులా ఎండటం మాత్రం ఖాయం. అందుకే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టి, కడిగి తుడవండి. కిలోకి 80 మిల్లీలీటర్ల నువ్వుల నూనె, 300 గ్రాముల ఉల్లిపాయలు. ముక్కలు ఎర్రబడ్డాక 400 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి మూతపెట్టి సన్న సెగ మీద గంటా పది నిమిషాలు. నడుము ముక్కలు మాత్రం చివరి పావుగంటలో వేయండి. దించే ముందు 50 గ్రాముల పలాస జీడిపప్పు ముద్ద కలిపితే లేని కొవ్వు అందుతుంది. కూరలో ఇక ఉప్పు చూసి వేసుకోవాలి. కుక్కరు జోలికి పోకండి.

టర్కీ కోడి దొరికితే రొమ్ము, కాళ్లు విడివిడిగా వండాలి. ముదురు పుంజు కాళ్లలో ఈనెల్లాంటి గట్టి నరాలుంటాయి, పట్టకారుతో లాగేయండి.

తూర్పు_తీరం:
రొయ్యలు పడని వారి సంగతి ముందు. రొయ్యల్లో చాలామందికి పడని మాంసకృత్తి పేరు ట్రోపోమయోసిన్. అలాంటిదే పీతలు, మిడతలు, కీచురాళ్లు, పట్టుపురుగు ప్యూపాల్లోనూ ఉంటుంది, కొందరికి స్క్విడ్, ఆక్టోపస్, నత్తలతో కూడా దద్దుర్లు వస్తాయి. వేపినా, ఉడికించినా అది పోదు. కాబట్టి బ్యాంకాక్ వెళ్లేది ఆయనే అయితే పురుగుల బండి దగ్గర ఆగకూడదు. ఇంట్లో స్క్విడ్, ఆక్టోపస్ కూడా డాక్టరుని అడిగాకే. ఆయన వంతు కౌజు, కుందేలు, టర్కీ.

మిగతావారికి బ్యాంకాక్‌లో ముందుగా వెదురు పురుగులు. కరకరలాడతాయి, భయపెట్టే కాళ్లూ రెక్కలూ ఉండవు. తర్వాత కీచురాళ్లు, థాయ్‌లాండ్‌లో వీటిని ఫారాల్లో పెంచుతారు. మిడతలకి రెక్కలు, ముళ్ల కాళ్లు పీకేసి తినాలి. తేళ్లు ఫొటోల కోసమే, రుచి ఏమీ ఉండదు. నూనె నల్లగా ఉన్న బండి దగ్గర, చల్లారిన పళ్లెంలోంచి ఏదీ కొనొద్దని చెప్పండి. మొసలి మాంసం తెల్లగా, కొవ్వు లేకుండా ఉంటుంది. పుల్లకి గుచ్చి గంటలకొద్దీ కాల్చి పెట్టినది కాకుండా, అప్పటికప్పుడు వేపి ఇచ్చే తోక మాంసం అడగమనండి.

ముట్టుకోకూడనివి రెండు. ఒకటి కోయ్ ప్లా, అంటే పచ్చి నదిచేపల ముద్ద. ఈశాన్య థాయ్‌లాండ్‌లో దీనివల్ల కాలేయంలో పురుగు చేరి, ఏళ్ల తర్వాత పిత్తనాళ కేన్సర్ దాకా పోతోంది. నిమ్మరసం పిండినా ఆ పురుగు చావదు. రెండోది పచ్చి పందిమాంసంతో చేసే లాబ్. అందులోని ఒక బాక్టీరియా మెదడు పొరలకి సోకి శాశ్వతంగా చెవుడు తెప్పించగలదు. వండిన లాబ్ మాత్రం చాలా బాగుంటుంది, నిర్భయంగా తినొచ్చు.

అలాగే మన ఒడ్డున కొన్న చేపతో ఇంట్లో సుషీ చేయాలనుకోకండి. పచ్చిగా తినే చేపని మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు ఉంచితేనే పురుగులు చస్తాయి. ఇంటి ఫ్రిజ్ పైఅర అంత చల్లబడదు. ఇంకొకటి: సూర, కానాగంతలు ఎండలో పడి ఉంటే హిస్టమిన్ పుడుతుంది, అది ఎంత మరిగించినా పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడి తలనొప్పి మొదలవుతుంది. ఐసులో ఉన్నవే కొనండి.

మహేంద్రగిరి_నీడ:
ఒక్క మాట. కౌజు, కుందేలు ఫారంవే కొనాలి. సంతల బయట సంచిలో దాచి అమ్మే చెవులపిల్లి, ఉడుము, అడవిపంది, తాబేలు, అడవి పిట్టలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందకి వస్తాయి. అమ్మేవాడితో పాటు కొన్నవాడికీ కేసే. పైగా ఉచ్చులో ఎప్పుడు చచ్చిందో తెలియని మాంసం అది.

నాగావళి_గట్టు:
అందరికీ చాలా థాంక్సండి. రెండు సందేహాలు. అరకిలో ఆక్టోపస్ కుక్కరులో పెడితే ఎన్ని విజిల్స్? మా వదిన బాలింత, పాలు పడతాయని ఇంట్లో సొర పుట్టు పెడదామంటున్నారు, ఫర్వాలేదా?

భావనపాడు_వంటిల్లు:
విజిల్స్ లెక్క వద్దు తమ్ముడూ, మంటని బట్టి అవి మారిపోతాయి. కుక్కరులో మాత్రం నీరు లేకుండా కుదరదు, ఒక కప్పు పోయండి. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి పన్నెండు నిమిషాలు. ఆవిరి దానంతటదే దిగాలి. బరువు ఎత్తి ఆవిరి వదిలితే తోలు చిట్లుతుంది. కత్తి దిగకపోతే ఇంకో నాలుగు నిమిషాలు.

సొర పుట్టు బాలింతకి పెట్టడం మన తీరమంతా ఉన్నదే, పెద్దవాళ్లు ప్రేమతోనే చెప్తారు. అయితే సొర వేటాడి బతికే చేప, వయసు పెరిగేకొద్దీ దాని కండలో పాదరసం పేరుకుంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చెప్తోంది. అదే వెల్లుల్లి, అదే పోపుతో కవ్వళ్ల పుట్టు చేసి పెట్టండి. చిన్న చేప, పాదరసం బాగా తక్కువ. ముళ్లు మాత్రం ఓపికగా ఏరాలి.