హామర్ భూతాల సినిమాలు: పసలేని పాత మోజేనా?

రీలుపెట్టె:
బ్రిటన్‌లో హామర్ సంస్థ 1957 నుంచి రంగుల్లో తీసిన ఫ్రాంకెన్‌స్టైన్, డ్రాక్యులా చిత్రాలను ఇంకా నెత్తిన పెట్టుకుంటున్నారు. ఎందుకో నాకు అర్థం కావడం లేదు. 1960 నాటి 'ది బ్రైడ్స్ ఆఫ్ డ్రాక్యులా'లో ఎగిరేది బొమ్మ గబ్బిలమని పసిపిల్లలకూ తెలిసిపోతుంది. అప్పట్లో వీటికి ఎక్స్ సర్టిఫికెట్ ఇచ్చి పదహారేళ్లలోపు వారిని హాల్లోకి రానిచ్చేవారు కాదు. వద్దన్నదానిపై ఉండే ఆ ఆశ తీరిపోయాక మిగిలింది మమకారమే కదా?

నల్లతెర:
గబ్బిలం సంగతి ఒప్పుకుంటాను. కానీ ఈ సినిమాల బలాన్ని మీరు భూతంలో వెతుకుతున్నారు. 1957లో 'ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' తీసేటప్పుడు, హాలీవుడ్ సంస్థ యూనివర్సల్ తన పాత సినిమాల్లో భూతానికి వేసిన మేకప్‌ను, ఆ చదునైన నెత్తిని, మెడ మీది బోల్టులను వాడుకునే హక్కు హామర్‌కు లేదు. అందుకే భూతం వేషం వేసిన క్రిస్టఫర్ లీకి వేరే ముఖం తయారుచేశారు. దర్శకుడు టెరెన్స్ ఫిషర్ కథను మాత్రం ఆ భూతాన్ని తయారుచేసే డాక్టరు, బారన్ ఫ్రాంకెన్‌స్టైన్ చుట్టూ తిప్పాడు. ఆ పాత్రలో పీటర్ కుషింగ్‌ను చూడండి. శవం తల కోసి, నెత్తురంటిన చేతిని ఖరీదైన కోటుకే తుడుచుకుంటాడు, మనసంతా పని మీదే. మెదడు కావాలని, ఇంటికి పిలిచిన వృద్ధ ప్రొఫెసర్‌ను పై అంతస్తు నుంచి తోసేస్తాడు. ఎంత మర్యాదస్తుడో అంత కర్కశుడు! 1958లో వచ్చిన రెండో చిత్రంలో పేదల ఆసుపత్రి నడుపుతూ, రోగుల అవయవాలనే తన ప్రయోగాలకు వాడుకుంటాడు. నన్ను వణికించేది ఆ డాక్టరు. ఇందులో మమకారం ఎక్కడుంది?

వెన్నెలవాకిలి:
మరి ఆడవాళ్ల సంగతో? 1969 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్ మస్ట్ బి డిస్ట్రాయిడ్'లో అదే బారన్ చేత అత్యాచారం చేయించారు. కుషింగ్‌కు ఇష్టం లేకపోయినా స్టూడియో పెద్దలు పట్టుబట్టి చేర్పించిన దృశ్యమది. కథకు దానితో పనే లేదు. గొప్ప నటన ఉందని ఇలాంటివి చూసీ చూడనట్టు పోవాలా?

నల్లతెర:
అక్కర్లేదండి. ఆ దృశ్యాన్ని నేనూ సమర్థించను. అది బారన్ పాత్రనే చెడగొట్టింది, ఎందుకంటే మనుషులు అతనికి ముడిసరుకు మాత్రమే, కోరిక కన్నా అతనికి పనే ముఖ్యం. కానీ ఆ తప్పును 1957 చిత్రానికి అంటగట్టడం అన్యాయం. అందులో తన వల్ల గర్భవతి అయిన పనిమనిషి జస్టిన్ నిలదీస్తే, బారన్ ఆమెను భూతం ఉన్న గదిలోకి వెళ్లనిచ్చి బయట గడియ పెడతాడు. కేక వినబడుతుంది. మరుక్షణం తెర మీద ఉదయపు ఫలహారం, రొట్టెలోకి మార్మలేడ్ అందించమని కాబోయే భార్యను అడుగుతున్న బారన్. లోపల ఏం జరిగిందో ఫిషర్ చూపలేదు. ఆ పిల్లకు జరిగిన ఘోరం ఎవరి పనో మనకు తెలియడానికి ఆ ఫలహారం బల్ల చాలు. ఆడవాళ్లను చిన్నచూపు చూసే సినిమా అయితే, ఆ నేరాన్ని ఇంత స్పష్టంగా బారన్ మెడకు చుట్టేదా?

వెన్నెలవాకిలి:
జస్టిన్ విషయంలో మీ మాట కాదనను. కానీ ఫలహారం బల్ల దగ్గర కూర్చున్న ఎలిజబెత్‌కు సినిమా మొత్తంలో ఏ పనీ ఇవ్వలేదు. అది కూడా ఫిషర్ సినిమానే.