స్టార్టర్ సగంలో ఆగిపోతోంది: బ్యాటరీయా, టాపెట్ గ్యాపా?

ఒహాయో_తోటమాలి: చలికాలమంతా షెడ్‌లో ఉన్న లాన్ ట్రాక్టర్ (గడ్డి కోసేది). సింగిల్ సిలిండర్, ఓవర్‌హెడ్ వాల్వ్. తాళం తిప్పితే ఇంజన్ కొంచెం తిరిగి ఠక్కున ఆగుతోంది. ఏం చూడాలి?

కృష్ణలంక: బ్యాటరీ. అది బాగుంటే లోపల వాల్వ్‌లని ఎత్తే క్యామ్‌షాఫ్ట్ పోయినట్టే, షాపులో ఇచ్చేయండి.

పాత_బుల్లెట్: స్పార్క్ ప్లగ్ తీసి తిప్పండి. గిర్రున తిరిగితే టాపెట్ గ్యాప్ మీద అనుమానం, అంటే వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు. స్టార్టింగ్‌లో కంప్రెషన్ కొంత వదిలేయడానికి క్యామ్ మీద చిన్న బొడిపె వాల్వ్‌ని రవ్వంత ఎత్తుతుంది. గ్యాప్ పెరిగితే ఆ ఎత్తు గ్యాప్‌కే సరిపోతుంది, వాల్వ్ కదలదు. స్టార్టర్ తొయ్యలేక ఆగిపోతుంది.

కృష్ణలంక: ప్లగ్ తీస్తే లోడే ఉండదు. నీరసించిన బ్యాటరీ కూడా తిప్పేస్తుంది. అదేం పరీక్షండీ?

పాత_బుల్లెట్: సరే, వాల్వ్ కవర్ విప్పి, ఫ్లైవీల్ చేత్తో తిప్పుతూ రాకర్లు చూడండి. కంప్రెషన్‌లో పిస్టన్ పైకొస్తుంటే ఒక రాకర్ చిన్నగా తల ఊపాలి. ఊపకపోతే గ్యాప్ కొలవండి, పిస్టన్ పైనుంచి పావు అంగుళం దిగిన చోట. నా ఇంజన్ మాన్యువల్‌లో ఇంటేక్ 0.003–0.005 అంగుళం, ఎగ్జాస్ట్ 0.005–0.007. మీ మాన్యువల్ చూసుకోండి. గ్యాప్ సరిచేశాక కూడా కదలకపోతేనే క్యామ్ సంగతి.

ఎన్‌జే_సుబ్బు: క్యామ్ కదలికని రాకర్‌కి అందించే పుష్‌రాడ్ వంగిందేమో గాజు మీద దొర్లించి చూడండి.

కృష్ణలంక: కాగితం మందం తేడాకి ఇంజన్ ఆగుతుందా! నా ట్రాక్టర్‌కి ఇలాగే అయితే క్యామ్‌షాఫ్ట్ మార్పించాను, 600 డాలర్లు. ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తోంది.

పాత_బుల్లెట్: క్యామ్ మార్చి బిగించేటప్పుడు గ్యాప్ కూడా సెట్ చేస్తారు కదా. ఏది పనిచేసిందో ఎలా చెబుతారు?

కృష్ణలంక: అంటే షాపువాడు దొంగ, నేను వెర్రివాణ్ణి! మా నాన్న ఆటోనగర్‌లో మెకానిక్. వీడియోలూ పుస్తకాలూ చూసి సగం విప్పి తెచ్చిన బళ్లన్నీ ఆయన నెత్తినే. తిట్లూ ఆయనకే. పనివాడికి డబ్బులివ్వాలంటే మీకు ప్రాణం పోతుంది, అదీ అసలు సంగతి.

పాత_బుల్లెట్: మీ నాన్నగారిని నేనేమీ అనలేదు. నాలుగు బోల్టులు విప్పి చూసే పనికి ట్రాక్టర్‌ని ట్రైలర్ ఎక్కించి, సీజన్‌లో వారాల తరబడి వెయిట్ చేయాలా అంటున్నా. చూశాక షాపుకే ఇవ్వండి, కాదన్నదెవరు?

ఒహాయో_తోటమాలి: కవర్ విప్పాను. రాకర్ ఊపట్లేదు. ఎగ్జాస్ట్ వైపు 0.012 అంగుళం ఫీలర్ గేజ్ ఆకు (సందు కొలిచే రేకు) కూడా దూరిపోతోంది. నట్టు మధ్యలో స్క్రూకి ఏ బిట్ పడుతుంది?

కృష్ణలంక: బ్యాటరీ ఓల్టేజ్ ఎంతో ఇంకా చెప్పనేలేదు.