బలం వద్దు, సంకల్పం చాలంటారు: తైచీలో ఈ మాట నిలబడుతుందా?

కిరణ్_వరంగల్: "బలం కాదు, సంకల్పం వాడు" అన్నది, తైచీ అనే చైనా యుద్ధవిద్యలో పేరున్న గురువు యాంగ్ చెంగ్‌ఫు పది సూత్రాల్లో ఒకటి. ఆ సంకల్పాన్నే చైనాలో 'యి' అంటారు. సరే, 2017లో చెంగ్దూలో వెయ్ లెయ్ అనే తైచీ గురువును ఎంఎంఏ (గుద్దులూ, తన్నులూ, కుస్తీ పట్లూ అన్నీ కలిపిన పోటీ) ఫైటర్ షు షియావోదోంగ్ కొద్ది సెకన్లలోనే మట్టి కరిపించాడు. ఆ వీడియో చూశాక అడుగుతున్నా. యి నిజంగా పనిచేస్తుందా, పోట్లాడలేనివాళ్లు చెప్పుకునే సాకా?

పద్మజ: కిరణ్ గారూ, ఒక్క పోటీ చూసి తేల్చేయకండి. వాంగ్ షియాంగ్‌జాయ్ సంగతి చూడండి. షింగ్‌యి అనే మరో చైనా యుద్ధవిద్య నేర్చుకున్న ఆయన 1920ల్లో కంఠతా పట్టే కదలికల వరసలన్నీ తీసేసి, తన విద్యకు యిచ్యువాన్, అంటే 'యి ముష్టి' అని పేరు పెట్టాడు. దానికి పునాది ఊరికే నిలబడటం. మోకాళ్లు కాస్త వంచి, చేతులు ఛాతీ ఎత్తున గుండ్రంగా పట్టుకుని కదలకుండా ఉండాలి. ఎవరో ఆ చేతుల్ని ముందుకు లాగుతున్నట్టు, మనం పోనివ్వనట్టు ఊహించుకోవాలి. కాసేపటికి భుజాలు మండుతాయి. ఏ కండరాన్ని అనవసరంగా బిగించామో అప్పుడు తెలుస్తుంది, దాన్ని వదలాలి. తర్వాత అదే ఊహతో మెల్లగా కదలడం, ఆపైన జంటగా చేతులు ఆనించి నెట్టుకోవడం, చివరికి విడిగా పోట్లాట. చివరి రెండూ ఎగ్గొట్టినవాళ్లని చూసి యి మీద తీర్పు చెబితే ఎలా?

ఇంకోటి. 1992లో యూ, కోల్ అనే పరిశోధకులు చిటికెన వేలి కండరం మీద ప్రయోగం చేశారు. నిజంగా బిగించి సాధన చేసినవాళ్ల బలం 30 శాతం పెరిగింది. బిగిస్తున్నట్టు ఊహించుకున్నవాళ్లది కూడా 22 శాతం పెరిగింది.

డౌట్_రాజా: మేడమ్, ఆ ప్రయోగం మీకే అడ్డం తిరుగుతుంది. వాళ్లు ఊహించుకున్నది శాయశక్తులా బిగించడాన్ని. తైచీ చెప్పేదేమో బిగించొద్దని. పైగా చిటికెన వేలు నన్ను కొట్టడానికి రాదు 😄

పద్మజ: ఊహకి కండరం మీద ప్రభావం ఉందా లేదా అన్నంతవరకే దాన్ని తెచ్చాను రాజా గారూ.

వెంకట్_డాలస్: దీనికి దగ్గరి ఆధారం వేరే ఉంది. 1998లో గాబ్రియెలె వుల్ఫ్ బృందం స్కీయింగ్ యంత్రం మీద కొందరికి శిక్షణ ఇచ్చింది. తమ పాదాల మీద దృష్టి పెట్టినవాళ్ల కన్నా, పాదాల కిందున్న చక్రాల మీద దృష్టి పెట్టినవాళ్లు బాగా నేర్చుకున్నారు. ధ్యాస ఒంటి మీద కాకుండా, బయట జరగాల్సిన పని మీద ఉంటే ఒళ్లు తన పని తాను చక్కబెట్టుకుంటుంది. "నీ చేతిని కాదు, ఎదుటివాడి వెనకున్న గోడని నెట్టు" అని నేర్పే గురువులు చేయించేది ఇదే.

కిరణ్_వరంగల్: మరి "మనసుని పొత్తికడుపులో నిలుపు" అనేవాళ్లూ ఉన్నారుగా? అది లోపలి ధ్యాసే కదండీ.

వెంకట్_డాలస్: అవును, ఆ ముక్క నా లెక్కకి కుదరదు. ఊపిరి స్థిమితపడటానికి పనికొస్తుందేమో. మీదికి వస్తున్న గుద్దు ముందు మాత్రం పొత్తికడుపు గుర్తు చేసుకునే తీరిక ఎవరికీ ఉండదు.

డౌట్_రాజా: అలాగైతే బాక్సర్ కూడా గురి మీదే ధ్యాస పెడతాడు. తైచీ లాంటివాటికి అంతర్గత విద్య (కండబలం కన్నా మనసుకి పెద్దపీట వేసేది) అని వేరే పేరెందుకు? 1669లో చైనా పండితుడు హువాంగ్ జోంగ్‌షీ ఒక సమాధి శాసనంలో వాడిన విభజన అది. తైచీ, షింగ్‌యి, బాగువా అనే ఈ మూడు చైనా యుద్ధవిద్యలూ ఒక్క గూటివని గురువు సున్ లుతాంగ్ లాంటివాళ్లు ప్రచారం చేసింది 20వ శతాబ్దంలోనే. మిగతాదంతా బ్రాండింగ్.

పద్మజ: పేరు గొడవ వదిలేయండి. బాక్సర్‌కి పోటీ అలవాటయ్యే కొద్దీ వచ్చేదాన్ని వీళ్లు మొదటి రోజు నుంచే పట్టుకుంటారు.

డౌట్_రాజా: నా పేచీ అక్కడే. ముందు ఒక ఏడాది దెబ్బలు తిని, ఆ తర్వాత నిలబడితే పోదా?

పద్మజ: పోతుంది. కాకపోతే ఏడాది పాటు బిగుసుకున్న భుజాలతో కొట్టడం అలవాటైనవాణ్ని తెచ్చి నిలబెడితే, ఆ భుజాలు దించడానికే ఇంకో ఏడాది పడుతుంది.