గిల్డ్ వార్స్ 2: స్కైస్కేల్‌ని పాత దారిలో పెంచుకోవాలా, కొత్త దారిలో తెచ్చుకోవాలా?

మియాపూర్_రాప్టర్:

అందరికీ నమస్కారం. గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ ఆట మొదలుపెట్టి నాలుగు నెలలైంది. పాత్ ఆఫ్ ఫైర్ అనే విస్తరణ (ఆటకి అదనంగా కొనుక్కునే భాగం) కొనుక్కుని రాప్టర్, స్ప్రింగర్, స్కిమ్మర్, జాకల్ అనే నాలుగు స్వారీ జంతువులూ తెచ్చుకున్నాను. ఇన్నాళ్లూ వాటితోనే సంతోషంగా ఉన్నాను.

మొన్న శనివారం రాత్రి డెజర్ట్ హైలాండ్స్‌లో ఒక కొండ ఎక్కుతున్నాను. స్ప్రింగర్ మీద ఒక్కో రాతి అంచుకీ గెంతుతూ, జారి పడుతూ, మళ్లీ మొదటికి వస్తూ ఇరవై నిమిషాలు గడిచాయి. ఇంకో రెండు గెంతులు వేస్తే శిఖరం. అప్పుడు పక్కన ఏదో కదిలినట్టనిపించి కెమెరా తిప్పాను. ఒక డ్రాగన్ గోళ్లతో కొండ గోడని పట్టుకుని బల్లిలా అంటుకుని ఉంది. రెక్కలు సగం ముడుచుకుంది. తోక సరిగ్గా నా ముందు అటూ ఇటూ ఊగుతోంది. రెండు క్షణాలు అలా ఆగి, గోడని తన్ని పైకి లేచి, నేను వెళ్లాల్సిన శిఖరం కూడా దాటి వెళ్లిపోయింది. ఆ రాత్రి కొండ ఎక్కడం అక్కడే ఆపేశాను. నాకు ఆ డ్రాగన్ కావాలి, అంతే.

వెతికితే దాని పేరు స్కైస్కేల్ అనీ, తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయనీ తెలిసింది. ఒకటి, లివింగ్ వరల్డ్ సీజన్ 4 (భాగాలుగా వచ్చిన కథ) కొని గుడ్డు దగ్గర నుంచి పెంచుకోవడం. రెండోది, సీక్రెట్స్ ఆఫ్ ది అబ్స్క్యూర్ అనే ఇంకో విస్తరణ కొంటే కథ మొదట్లోనే వచ్చేస్తుందట. ఈ నెల నా చేతిలో ఒక్కదానికే డబ్బులున్నాయి. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 వరకు షిఫ్ట్, ఇంటికొచ్చి తిన్నాక గంట, గంటన్నర దొరుకుతుంది. చిన్నప్పుడు మా ఇంట్లో కోడిపిల్లలు పెరిగేవి, అందుకేనేమో పెంచుకోవడం అనే మాట దగ్గర మనసు ఆగిపోతోంది. కానీ ఆ పని నెలల తరబడి సాగుతుందని కొందరు భయపెడుతున్నారు. చేసినవాళ్లు చెప్పండి.

శంఖం99:

బ్రో, ఆలోచించకుండా సీక్రెట్స్ ఆఫ్ ది అబ్స్క్యూర్ కొను. 2023 ఆగస్టు 22న వచ్చింది, అప్పటి నుంచి కొత్తవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. డ్రాగన్ తొందరగా చేతికొస్తుంది, మాస్టరీలు (ఆడుతూ నేర్చుకునే నైపుణ్యాలు) పెంచుకుంటూ పోతే మిగతా శక్తులు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. నిప్పు ఉండలు విసరడం, లే లైన్ల (మాయాశక్తి పారే దారులు) మీద దూసుకుపోవడం ఆ విస్తరణతోనే వచ్చాయి. పైగా కొత్త మ్యాపులు, కొత్త కథ. రోజుకు గంట మాత్రమే ఉన్నవాడు ఆ గంటని ఖనిజాలు ఏరడానికి ఎందుకు పెట్టాలి? నేను మొదటి వారాంతంలోనే ఎగిరాను.

వాకలపూడి_అమ్మాయి:

తమ్ముడూ, శంఖం గారు చెప్పింది తప్పేం కాదు. స్నేహితులు ముందు వెళ్లిపోతున్నారు, వాళ్లని అందుకోవాలి అంటే అదే సరైన దారి. కానీ నువ్వు కోడిపిల్లల మాట రాశావు చూడు, అందుకే నేను వేరే మాట చెబుతున్నాను. పాత దారిలో వెళ్లు.

నేను 2020 లాక్‌డౌన్‌లో పెంచాను. స్కైస్కేల్ ఆటలోకి వచ్చింది 2019 మే 14న, వార్ ఎటర్నల్ అనే భాగంతో. కథంతా అయ్యాకే అసలు పని మొదలవుతుంది. డ్రాగన్‌ఫాల్ మ్యాపు నిండా తిరిగి పొలుసులు వెతకాలి. జబ్బుపడిన స్కైస్కేల్స్‌కి మందు తెచ్చివ్వాలి. తర్వాత గుడ్డు, తర్వాత పిల్ల, ఆ పిల్లకి తిండి, ఆటలు, చివరికి జీను. గోరిక్ అనే అసురా జాతి పండితుడు పక్కనుండి ఒక్కొక్కటీ చెబుతుంటాడు. ఇదంతా ఒక్క రోజులో కూర్చుని చేద్దామంటే కుదరదు. కొన్ని పనులు చేశాక ఆటలో రోజు మారేదాకా ఆగాల్సిందే.

ఆ రోజు మారేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి. మనకది పొద్దున 5:30. నాన్నగారు లేచి పాల ప్యాకెట్లు లోపలికి తెచ్చి స్టవ్ వెలిగించే టైము సరిగ్గా అదే. లాక్‌డౌన్ కదా, ఆయనకి వాకింగ్ లేదు, పేపరు కూడా కొన్నాళ్లు రాలేదు. మొదటి రోజు నన్ను లాప్‌టాప్ ముందు చూసి ఆఫీసు పని అనుకున్నారు. మూడో రోజు వెనక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత నుంచి కాఫీ గ్లాసు నా పక్కన పెడుతూ అడిగే మొదటి మాట "పిల్ల తిన్నదా?" అని. నేను తిండి పెట్టడం, అది రెక్కలు కొట్టుకోవడం చూసి లేచి వెళ్లి ఇడ్లీ పిండి బయట పెట్టేవారు. ఒకసారి మా ఇంటర్నెట్ మూడు రోజులు పోయింది, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ మూడు రోజులూ నాకంటే ఆయనకే టెన్షన్ ఎక్కువ. "ఆకలికి ఏమన్నా అవుతుందా దానికి?" అని రెండుసార్లు అడిగారు. ఏమీ కాదు నాన్నా, మనం ఎప్పుడొస్తే అప్పుడే తింటుంది అని చెప్పాను. నాలుగో రోజు లైను వచ్చాక ముందు ఆయన్నే పిలిచాను.

ఇప్పుడు నీకు పనికొచ్చేది చెబుతాను. నేను దెబ్బతిన్నది చార్జ్‌డ్ క్వార్ట్జ్ దగ్గర. 25 క్వార్ట్జ్ స్ఫటికాలు పట్టుకుని ఒక ప్లేస్ ఆఫ్ పవర్ (మ్యాపులో మాయాశక్తి ఉండే చోటు) దగ్గరికి వెళితే ఒక చార్జ్‌డ్ క్వార్ట్జ్ అవుతుంది. రోజుకు ఒక్కటే. పిల్లకి పెట్టే ఒక రకం తిండి తయారీకి అవి కావాలి. నాకు ఆ సంగతి అక్కడికి చేరాక తెలిసింది. అన్నీ సిద్ధంగా ఉండి కూడా కేవలం క్వార్ట్జ్ కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నువ్వు సీజన్ 4 ఇంకా కొనకపోయినా సరే, ఇవాళ్టి నుంచే రోజుకొకటి చేసి బ్యాంకులో వేసుకో.

రెండోది, చివర్లో వచ్చే 250 లెక్క. సీజన్ 4లో ఆరు మ్యాపులు, ఒక్కో మ్యాపుకి ఒక్కో సరుకు. ఇస్తాన్‌లో క్రాల్కటైట్ ఓర్, శాండ్‌స్వెప్ట్ ఐల్స్‌లో డైఫ్లోరైట్ స్ఫటికాలు, కోర్నాలో ఇన్‌స్క్రైబ్డ్ షార్డ్స్, జహాయ్ బ్లఫ్స్‌లో మిస్టోనియం, థండర్‌హెడ్ పీక్స్‌లో బ్రాండెడ్ మాస్, డ్రాగన్‌ఫాల్‌లో మిస్ట్‌బోర్న్ మోట్స్. ఒక్కొక్కటి 250 చొప్పున కావాలి. మొత్తం 1500 అని చూసి గుండె జారిపోతుంది, నాకూ జారింది. కానీ కథ ఆడుతూ ఆ మ్యాపుల్లో తిరిగేటప్పుడే ఏరుకుంటూ పోతే సగం బరువు తెలియకుండా తీరుతుంది. కథ అయిపోయాక మళ్లీ మొదటికొచ్చి ఏరేవాళ్లకే విసుగు. నాకు శాండ్‌స్వెప్ట్ ఐల్స్‌లో అన్నిటికంటే ఎక్కువ పట్టింది, ఇస్తాన్ ఇట్టే అయిపోయింది. డ్రాగన్‌ఫాల్‌లో మాత్రం ఒంటరిగా తిరగకు. అక్కడ పెద్ద యుద్ధం జరిగేటప్పుడు జనంతో కలిసిపో, మోట్స్ వాటంతటవే వచ్చిపడతాయి.

డబ్బు సంగతికొస్తే, సీజన్ 4 భాగాలు జెమ్స్‌తో (ఆట దుకాణంలో చెల్లే నాణేలు) కొనాలి. ఆటలో సంపాదించిన గోల్డ్‌ని కూడా జెమ్స్‌గా మార్చుకోవచ్చు. కాబట్టి అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు, ఒక భాగం ఆడి గోల్డ్ కూడబెట్టి తర్వాతది కొనుక్కో.

మొదటిసారి ఎగిరిన రోజు సంగతి ఒక్కటి చెప్పి ఆపేస్తాను. దానికి మా చెల్లి బుజ్జి అని పేరు పెట్టింది. ఆటలో పేరు రాసే చోటు లేదు, ఇంట్లో పిలుచుకోవడమే. నేను దానికి పసుపు రంగు వేశాను. జీను పడ్డాక ఎక్కడికి వెళదాం నాన్నా అంటే, మ్యాపులో లయన్స్ ఆర్చ్ లైట్‌హౌస్ చూపించి "దాని మీద కూర్చోబెట్టు" అన్నారు. మా చిన్నప్పుడు ఆదివారాలు వాకలపూడి లైట్‌హౌస్ చూపించడానికి సైకిల్ మీద తీసుకెళ్లేవారు. కిందనుంచి చూడటమే తప్ప పైకి ఎప్పుడూ వెళ్లలేదు. రెండుసార్లు జారిపడ్డాను. మూడోసారి బుజ్జి అంచు పట్టుకుని పైకి ఎక్కింది. కింద ఓడలు, చుట్టూ సముద్రం. నాన్నగారు కళ్లజోడు సరిచేసుకుని స్క్రీన్‌కి దగ్గరగా వంగి చాలాసేపు చూశారు.

ఉత్తరగాలి:

అక్కా, చాలా బాగా రాశారు. నేను వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఇంకో ఆన్‌లైన్ ఆట వైపు నుంచి వచ్చినవాణ్ని, కాబట్టి ఎగరడం గురించి ఒక మాట.

రాప్టర్ తమ్ముడూ, కొనేముందు ఒకటి తెలుసుకో. స్కైస్కేల్ వేగం కోసం పుట్టిన జంతువు కాదు. 2022 నవంబర్ 28న డ్రాగన్‌ఫ్లైట్ అనే విస్తరణ వచ్చినప్పుడు వార్‌క్రాఫ్ట్‌లో ఎగిరే పద్ధతే మారిపోయింది. 2007 నుంచి అక్కడ ఎగిరే వాహనాలున్నాయి కానీ బటన్ నొక్కితే ఒకే వేగంతో నేరుగా పోయేవి. డ్రాగన్‌ఫ్లైట్‌లో డ్రాగన్ ముక్కు కిందకి వంచితే వేగం పుంజుకుంటుంది, పైకెత్తితే ఆ వేగం ఎత్తుగా మారుతుంది. రెక్క కొట్టిన ప్రతిసారీ విగర్ అనే శక్తి ఖర్చయ్యేది. వేగంగా పోతుంటే గాలిలోనే అది మళ్లీ నిండేది. మొదటి డ్రేక్‌ని (స్వారీ డ్రాగన్) ఆ విస్తరణలోని దీవుల్లో దిగిన కాసేపటికే ఇచ్చేస్తారు, దాన్ని సరిగ్గా నడపడం నేర్చుకోవడానికే వారాలు పడుతుంది. 2024లో దానికి స్కైరైడింగ్ అని పేరు మార్చారు. అక్కడ నెలనెలా చందా కట్టాలి, నేను మానేసింది అందుకే.

నీకు అలా గాలిని చీల్చుకుంటూ పోయే వేగం కావాలంటే, గిల్డ్ వార్స్ 2లో అది స్కైస్కేల్ దగ్గర కాదు, గ్రిఫన్ అనే ఇంకో స్వారీ జంతువు దగ్గర దొరుకుతుంది. పైనుంచి కిందకి దూకి వేగం పట్టడం, రెక్కలు కొట్టి మళ్లీ లేవడం దాని పని. నువ్వు ఇప్పటికే కొన్న పాత్ ఆఫ్ ఫైర్‌లోనే అది ఉంది, ఇంకేం కొనక్కర్లేదు. కథ పూర్తి చేసి, దాని కలెక్షన్‌కి (సేకరించాల్సిన వస్తువుల జాబితా) 250 గోల్డ్ సమకూర్చుకోవాలి. గోల్డ్ కూడటానికి సమయం పడుతుంది, అయినా జేబులోంచి రూపాయి పోదు. డ్రాగనే కావాలంటే వేరే సంగతి.

మియాపూర్_రాప్టర్:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ థాంక్స్. గ్రిఫన్ సంగతి నాకు అసలు తెలియదు, అది కూడా తప్పకుండా చేస్తాను. కానీ నాకు ఆ కొండ గోడకి అంటుకున్నదే కావాలి అన్నా.

అక్కా, రెండు సందేహాలు. నేను పొద్దున 5:30కి లేవలేను, పడుకునేసరికే రెండవుతుంది. అప్పుడెలా? ఇంకోటి, లైట్‌హౌస్ దగ్గర రెండుసార్లు జారిపడ్డానన్నారు, అది ఎందుకు జరిగింది?

వాకలపూడి_అమ్మాయి:

లేవక్కర్లేదు తమ్ముడూ. 5:30కి రోజు మారుతుంది అంతే, ఆ తర్వాత మర్నాడు 5:30 లోపు నీకు వీలైనప్పుడు చేసుకోవచ్చు. నువ్వు రాత్రి 12కి కూర్చుంటే సరిపోతుంది. నేను లేచింది ఆగలేక.

జారడం గురించి. స్కైస్కేల్ పైకి ఎక్కేకొద్దీ ఒక కొలత తరుగుతూ ఉంటుంది. అది అయిపోతే ఎంత నొక్కినా కిందకే వస్తుంది. నేను లైట్‌హౌస్‌కి దూరంగా నేల మీద నుంచి మొదలుపెట్టి, ఉన్నదంతా ఖాళీ గాలిలోనే ఖర్చు చేసేశాను. అలా కాకుండా ముందు దగ్గర్లో ఉన్న ఎత్తైన చోటికి వెళ్లు, అక్కడి నుంచి లేచి తిన్నగా గోడ వైపు పో. గోడ తగలగానే పట్టుకుంటుంది. పట్టుకున్నాక కంగారుపడి వెంటనే దూకకు. ఒక్క క్షణం ఆగి, కెమెరా పైకి తిప్పి, తర్వాత పట్టు ఎక్కడో చూసుకుని అప్పుడు దూకు. ఇక్కడి నుంచి సర్వర్ దూరం కదా, నాకు పింగ్ 200 దాటుతుంది. నొక్కిన దానికీ అది కదిలిన దానికీ మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది. అందుకని అంచు దాకా వెళ్లి నొక్కేకంటే కాస్త ముందే నొక్కడం అలవాటు చేసుకో.

శంఖం99:

అక్కా, ఇది చదివాక నా స్కైస్కేల్‌కి కనీసం రంగు కూడా మార్చలేదని గుర్తొచ్చింది. ఈ రాత్రే ఆ పని చూస్తాను. రాప్టర్ బ్రో, డ్రాగన్‌ఫాల్ యుద్ధానికి మనిషి కావాలంటే మెసేజ్ పెట్టు, నేనూ వస్తాను.

మియాపూర్_రాప్టర్:

సీజన్ 4 మొదటి భాగం కొన్నాను. నిన్న రాత్రి ఇస్తాన్‌లో దిగాను, ఓర్ 31 అయింది. చార్జ్‌డ్ క్వార్ట్జ్ ఒకటి బ్యాంకులో పడింది. ఊళ్లో మా అమ్మకి ఫోన్ చేసి డ్రాగన్‌ని పెంచుతున్నానని చెప్పాను. ఏం తింటుందిరా అది అని అడిగింది.