వంతెన నడుమ గుడి

సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఆదివారం గళ్ళ నుడికట్టులో 14 అడ్డం నన్ను బుధవారం దాకా ఏడిపించింది. ఆధారం ఇది: "వంతెన నడుమ గుడి కడితే సముద్రమే (3)".

బెజవాడలో పుట్టి పెరిగినవాణ్ణి. వంతెన, గుడి అన్న రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తే ఇంక ఆలోచించే పని ఏముంది? కృష్ణ మీద ఉన్న వంతెన పేరే కనకదుర్గ వారధి. గుంటూరు బస్సు ఎక్కితే అది దాటకుండా ఊరు వదలము. వా-ర-ధి, మూడు గళ్ళు, సరిగ్గా సరిపోయాయి. మరి సముద్రం ఏమిటంటారా? దసరాకు అమ్మవారి కొండ కింద జనసముద్రం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, పెన్నుతో రాసేశాను. పెన్సిలుతో రాయమని మా ఆవిడ ఇరవయ్యేళ్ళుగా చెబుతూనే ఉంది.

అక్కడినుంచి మొదలైంది అవస్థ. ఆ మధ్యగడిలోకి పైనుంచి దిగే 9 నిలువు ఆధారం: "గోదావరిలో కలిసిన భక్తురాలు (3)". మొదటి అక్షరం 'శ' అప్పటికే పడింది. చివర నేను రాసిన 'ర'. శ, ఖాళీ, ర. శబర అందామంటే భక్తురాలు కాదు. శంకర, శిఖర మొదటి గడిలోనే పోయాయి. సోమవారమంతా ప్రవచనాల్లో విన్న భక్తురాళ్ళందరినీ తలుచుకున్నాను. గోదావరి అన్న మాటను నది అని కాక ఇంకేదైనా అర్థంలో తీసుకోవాలేమో అని కూడా చూశాను.

తెలుగు గళ్ళతో వచ్చే చిక్కే ఇది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొదటి గళ్ళలో గడికొక్క లిపి అక్షరం. మనకు అలా కాదు. 'స్త్రీ' అంతా, ఒత్తులతో దీర్ఘంతో సహా, ఒక్క గడిలో కూర్చుంటుంది. కాబట్టి అడ్డం పదం సరిగ్గా పడితే నిలువు పదానికి గుణింతంతో సహా అక్షరం దొరుకుతుంది, అదొక పండగ. తప్పు పడితే గుణింతంతో సహా ముంచుతుంది. 'ర'కూ 'రి'కీ మధ్య నేను మూడు రోజులు ఈదాను.

బుధవారం సాయంత్రం ఒక పెళ్ళి శుభలేఖ ప్రూఫు దిద్దుతున్నాను (నా వృత్తి అదే, ముప్పయ్యేళ్ళయింది). వరుడి పేరు ముందు "చరంజీవి" అని ఉంది. ఎర్ర పెన్నుతో 'చ' మీద గుండ్రంగా చుట్టి, అంచున "గుడి" అని రాశాను. రాసి, ఆ మాట వైపే చూస్తూ కూర్చుండిపోయాను. చకు గుడిస్తే చి. రకు గుడిస్తే రి. వారధి నడుమ గుడి కడితే వారిధి! అక్షరానికి గుడి ఇవ్వడమే బతుకుతెరువైనవాడికి గుడి అనగానే ఇంద్రకీలాద్రి తోచింది చూడండి. మరుక్షణం 'రి' పడి, శబరి వచ్చి గోదావరిలో కలిసింది. ఆ పేరున్న నది కూనవరం దగ్గర నిజంగానే కలుస్తుంది. కూర్చినవారిని మూడు రోజులు తిట్టుకున్న నోటితోనే మెచ్చుకున్నాను.

ఇప్పుడు సభకు నా ప్రశ్న. వారిధి అంటే నీటిని దాచుకున్నది, సముద్రం. జలధి, నీరధి, అంబుధి, పయోధి అన్నీ ఈ అచ్చులో పోసినవే. చివరి అక్షరం ఒక్కటి మారిస్తే వారిజం పద్మం, వారిదం మేఘం. మరి వంతెనను వారధి అని ఎందుకు అంటున్నాము?

— — —

ఒక సభ్యుడు: వారిధి మీద రాముడు కట్టించినది కనుక వారధి అయిందని మా తాతగారు చెప్పేవారండీ.

మరొకరు: వారధి అన్నది తప్పు మాట. సేతువు అనండి, వంతెన అనండి.

గుంటూరు నుంచి ఒక సభ్యురాలు: ఆ ఆధారం న్యాయం కాదండీ. బడిలో "కకు గుడిస్తే కి" అన్నాము గానీ "గుడి కడితే" అని ఎవరూ అనలేదు.

— — —

అమ్మా, 'కడితే' అన్నది వల. వల వేయకపోతే ఆధారమెందుకు, నిఘంటువు తెరిస్తే సరిపోదా? గుడి నడుమనే ఉంది, సముద్రం చివర ఉంది, ఏదీ దాచలేదు. నా దృష్టిలో పూర్తిగా న్యాయమే.

తాతగారి వ్యుత్పత్తి అందంగా ఉంది. అంత అందంగా ఉన్నందుకే నాకు అనుమానం. ఇక తప్పు మాట అన్నవారికి: రోజూ వేలమంది దాటుతున్న మాటను ఇప్పుడు కూల్చలేము. సేతువు, వంతెన, వారధి మూడూ మూడేసి గళ్ళే కావడం మాత్రం పూరించేవాళ్ళ ప్రారబ్ధం.

అసలు మన గుణింతపు గుర్తుల పేర్లలో చాలావి ఇంట్లో, వీధిలో తిరిగే మాటలే. తలకట్టు, కొమ్ము, సుడి, పొల్లు, సున్న. గళ్ళు కూర్చేవాళ్ళకు ఇంతకంటే నిధి ఉంటుందా? "తల మొదట కొమ్ము మొలిస్తే తక్కెడ (2)" అని నేనొకటి కట్టాను. తుల. గుడి గురించి కూడా ఒక మాట. చంద్రుడి చుట్టూ వలయం కనిపిస్తే వరదగుడి అంటాము, అక్కడా గుండ్రనిదే గుడి. అక్షరం నెత్తిన గుండ్రటి గీతకు ఆ పేరు అలాగే వచ్చి ఉంటుందని నా ఊహ.

— — —

గుంటూరు సభ్యురాలు: సరే, ఒప్పుకున్నాను. అయితే ఇది చూడండి. "పది నడుమ సున్న పెడితే వంద కాదు, బురదలో దొర్లుతుంది (2)".

— — —

పంది! చదివిన మరుక్షణం వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి "ఎవరిని అంటున్నారు?" అని అడిగింది.

— — —

గుంటూరు సభ్యురాలు: అంత తొందరగా వచ్చిందా? అయితే ఇది తీసుకోండి. "ఎటునుంచి దిద్దినా గుల్లలోనే (3)".

— — —

దయచేసి ఎవరూ జవాబు రాయకండి. ఈసారి పెన్సిలు తెచ్చుకున్నాను.