ప్రొఫెసర్ గారి రాళ్ళ సేకరణ: సంస్మరణ ప్రదర్శనకు ఎలా సిద్ధం చేయాలి?

గోస్తనీతీరం (ప్రశ్న)

విశాఖలో భూగర్భశాస్త్రం బోధించి రిటైరైన మా ప్రొఫెసర్ గారు ఈ మధ్య కాలం చేశారు. రత్నాలంటే ఆయనకు ప్రాణం. ఇంట్లో మూడు బీరువాల నిండా రాళ్ళు, ఖనిజాలు, సానబట్టిన రత్నాలు ఉన్నాయి. చెక్కపెట్టెల్లో థిన్ సెక్షన్లు (మైక్రోస్కోపులో చూడటానికి గాజుపలక మీద అతికించిన పలుచని రాతిపొరలు), ఒక ట్రంకు పెట్టెలో ఫీల్డ్ నోట్‌బుక్కులు కూడా ఉన్నాయి. సంవత్సరీకం నాటికి వీటితో ఒక ప్రదర్శన పెట్టి, సారు జీవితం మీద చిన్న పుస్తకం వేసి, ఆ తర్వాత అంతా విభాగం మ్యూజియానికి అప్పగించాలని అమ్మగారి కోరిక. చాలా రాళ్ళకు చీటీలు ఊడిపోయాయి, దుమ్ము బాగా పట్టింది. సానబట్టిన వాటిలో ఎర్రవి ఎక్కువ. అవి కెంపులో గార్నెట్లో తేలడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పలుగురాయి

ముందు ఏ రాయినీ కదపకండి. ప్రతి అరను, ప్రతి ట్రేను ఉన్నది ఉన్నట్టుగా పైనుంచి ఫోటో తీయండి. ఊడిన చీటీ ఏ రాయిదో తేల్చడానికి దాని పక్కన ఏముందన్నదే మొదటి ఆధారం. దులిపి, సర్ది, రంగుల వారీగా పేర్చాక ఆ ఆధారం పోతుంది, మళ్ళీ రాదు. రాయి పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఉంటే ఆ ముక్కనూ దాచండి. దాని మీద తేదీ ఉంటే, రాయిని అంతకుముందు చుట్టలేదని తెలుస్తుంది.

సారు వేసిన నంబర్లను మార్చొద్దు. నంబరు లేని వాటికి మాత్రం వేరే అక్షరంతో కొత్త వరస ఇవ్వండి. రాయి వెనక కనపడని చోట పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెసిన్‌ను ఎసిటోన్‌లో సుమారు 20 శాతం కరిగించి చిన్న చుక్కంత పూయాలి. ఆరాక దానిమీద ఇండియన్ ఇంకుతో నంబరు రాసి, పైన ఇంకో పూత వేయాలి. ఎప్పుడైనా తీసేయాలంటే ఎసిటోన్‌తో తుడిస్తే వచ్చేస్తుంది. ఫెవిక్విక్, సెల్లోటేప్ దగ్గరికి రానివ్వొద్దు. పాత చీటీలను లామినేట్ చేయించొద్దు, వేడికి కాగితం పాడవుతుంది, మళ్ళీ విడదీయలేరు. స్కాన్ చేసి, పారదర్శక పాలియెస్టర్ కవర్లో పెట్టి రాయితోపాటే ఉంచండి.

చీటీ మీది ఊరి పేరును, జిల్లాను ఇప్పటి పేరుకు దిద్దొద్దు. పాతది అలాగే ఉంచి కొత్తది పక్కన చేర్చండి. గూడూరు అభ్రకం గనుల రాయి మీద నెల్లూరు జిల్లా అని ఉంటుంది, 2022 విభజనలో గూడూరు తిరుపతి జిల్లాకు వెళ్ళింది. కొత్తగూడెం దగ్గరి గరీబుపేట గార్నెట్ మీద ఖమ్మం అనే ఉంటుంది, 2016 తర్వాత అది భద్రాద్రి కొత్తగూడెం. అసలు నమ్మదగింది సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (స్థలపటం) నంబరు. ఉదాహరణకు 57 ఎన్/16 అంటే అక్షాంశంలో 15 నిమిషాలు, రేఖాంశంలో 15 నిమిషాలు ఉన్న ఒక చదరం, గూడూరు అందులోనే ఉంది. జిల్లాలు ఎన్నిసార్లు మారినా షీటు చోటు మారదు. నోట్‌బుక్కులో ఆ నంబరు దొరికిందంటే చీటీ లేని రాయికి కూడా ఊరు దొరికినట్టే.

ఊరు పోయిన గార్నెట్ ఉత్త ఎర్రరాయే. గరీబుపేట గార్నెట్లు ప్రాచీన కాలంలో పుదుచ్చేరి దగ్గరి పాత ఓడరేవు అరికమేడు పూసల దాకా వెళ్ళాయని పరిశోధకులు రసాయన పోలికలతో చూపించారు. అలాంటి పోలికకు పనికొచ్చేది పుట్టుచోటు కచ్చితంగా తెలిసిన రాయి మాత్రమే.

అభ్రకంపొర

శుభ్రం చేసే ముందు ప్రమాదకరమైన వాటిని వేరు చేయండి. సారు కడప బేసిన్‌లో తిరిగినవారైతే పులివెందుల వైపు రాతినార (ఆస్‌బెస్టాస్) ముక్క ఒకటైనా ఉంటుంది. పట్టులాంటి పోగులు, లేత ఆకుపచ్చ లేదా తెలుపు. దాన్ని బ్రష్ చేయొద్దు, ఊదొద్దు, గిల్లి చూడొద్దు. అలాగే జిప్ కవర్లో పెట్టి, ఆ కవరును అంటించేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి పైన హెచ్చరిక రాయండి.

రెండోది రేడియోధార్మిక ఖనిజాలు. నెల్లూరు పెగ్మటైట్లలో (పెద్ద స్ఫటికాలుండే రాళ్ళు) సమార్‌స్కైట్ దొరికింది. నల్లగా, గాజులా విరుగుతుంది, చేతికి చాలా బరువు. భీమిలి తీరపు ఇసుక సీసాలో మోనజైట్ ఉండొచ్చు. విభాగంలో గైగర్ కౌంటర్ (రేడియేషన్‌ను చప్పుడుతో తెలిపే పరికరం) అడిగి ప్రతి నల్లటి బరువైన రాయినీ చూడండి. చప్పుడు పెరిగినవాటిని పడకగదిలో, మూసిన బీరువాలో ఉంచొద్దు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. అవి ప్రదర్శనలో వద్దు. అప్పగించే ముందు హైదరాబాదు బేగంపేటలోని ఏఎండీ (కేంద్ర అణు ఖనిజాల డైరెక్టరేట్) వాళ్ళ సలహా తీసుకోండి.

ఇక దుమ్ము. మెత్తటి పెయింట్ బ్రష్, గాలి ఊదే రబ్బరు బల్బు చాలు. పలుగురాయి, గార్నెట్ స్ఫటికాలను మాత్రం గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల డిష్ సబ్బు వేసి కడగొచ్చు. ముగ్గురాయి (బెరైట్) బరువుగా ఉన్నా మెత్తనిది, గట్టి బ్రష్‌కు గీతలు పడుతుంది. కాల్సైట్, జియోలైట్లను యాసిడ్‌కు చూపించొద్దు. పుణె వైపు అపోఫిలైట్ పొరగా చీలుతుంది, వేడినీళ్ళు వద్దు. పచ్చలను అల్ట్రాసోనిక్ మెషీన్లో వేయొద్దు, పగుళ్ళలో నింపిన నూనె పోయి పగుళ్ళన్నీ బయటపడతాయి.

పైరైట్‌ను (ఇనుము, గంధకం కలిసిన పసుపు ఖనిజం) తప్పకుండా చూడండి. విశాఖ గాలిలో తేమ 60 శాతం దాటని రోజు అరుదు. ఆ తేమకు కొన్ని పైరైట్లు తెల్లపొడి రాలుస్తాయి, అందులోంచి పుట్టే సల్ఫ్యూరిక్ ఆమ్లం ట్రేను, చీటీని కూడా తినేస్తుంది. పొడి రాలుతున్న రాయిని విడదీసి సిలికా జెల్‌తో గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. దాన్ని నీళ్ళతో కడగడమంటే జబ్బును పెంచడమే.

థిన్ సెక్షన్లను స్పిరిట్‌తో, జైలీన్‌తో తుడవొద్దు. పాతవాటిని కెనడా బాల్సం అనే చెట్టు జిగురుతో అతికించేవారు, అది కరుగుతుంది. 0.03 మి.మీ. మందం ఉన్న రాయి జారిపోతే చేసేదేమీ లేదు.

కెంపుపరీక్ష

ఎర్రరాళ్ళకు గట్టిదనం పరీక్ష చేయొద్దు. సానబట్టిన రాయిని గీకితే తెలిసేదానికన్నా చెడేదే ఎక్కువ.

మొదట రెండు పోలరైజింగ్ ఫిల్ములను వెలుతురు ఆగేలా అడ్డంగా పెట్టి, మధ్యలో రాయిని తిప్పండి. పూర్తిగా ఒక చుట్టు తిప్పినప్పుడు నాలుగుసార్లు వెలిగి నాలుగుసార్లు ఆరితే కెంపు అయ్యే అవకాశం ఉంది. చీకటిగానే ఉండిపోతే గార్నెట్, స్పినెల్ (కెంపులా కనిపించే మరో రత్నం) లేదా గాజు. కెంపును దాని ఆప్టిక్ అక్షం (కాంతి రెండుగా చీలని దిక్కు) వెంట చూస్తే అదీ వెలిగి ఆరదు, కాబట్టి రెండు మూడు దిక్కుల నుంచి చూడాలి. గార్నెట్లు కూడా ఒత్తిడి వల్ల అక్కడక్కడ పాములా మెరుస్తాయి, దాన్ని చూసి కెంపు అనుకోవద్దు.

తర్వాత సాంద్రత. బ్యాలెన్స్ మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. సన్నదారంతో రాయిని నీళ్ళలో మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా వేలాడదీయండి. అప్పుడు చూపేది రాయి తోసిన నీటి బరువు. గాలిలో బరువును దానితో భాగిస్తే సరి. గాలిలో 8.20 గ్రాములు, నీళ్ళలో 2.05 వస్తే 4.00, అది కెంపు విలువ. స్పినెల్ 3.60. అల్మండైన్ గార్నెట్ సాధారణంగా 4.0కు కాస్త పైన, అందుకే కెంపునూ గార్నెట్‌నూ ఈ ఒక్క పరీక్షతో విడదీయలేం. రాయికి అంటిన గాలి బుడగలు తోసిన నీటిని ఎక్కువ చూపి సాంద్రతను తగ్గిస్తాయి, నీళ్ళలో చుక్క సబ్బు వేస్తే పోతాయి. అరగ్రాము రాయి తోసేది 0.125 గ్రాముల నీరే. 0.01 గ్రాము దాకా చూపే బ్యాలెన్స్‌తో 8 శాతం తప్పు రావచ్చు. చిన్నవాటికి 0.001 చూపేది కావాలి. బంగారంలో పొదిగినవాటికి ఈ లెక్క కుదరదు.

రిఫ్రాక్టోమీటర్ (రాయిలో కాంతి ఎంత వంగుతుందో కొలిచే పరికరం) దొరికితే కెంపు 1.762, 1.770 అని రెండు రీడింగులు ఇస్తుంది. స్పినెల్ 1.718 ఒక్కటే. అల్మండైన్ కొన్నిసార్లు, రాయికీ పరికరానికీ మధ్య వేసే స్పర్శద్రవం హద్దు 1.81ను దాటి అసలు గీతే చూపదు.

కెంపే అని తేలినా సహజమని రాసేయకండి. రత్నాలు బోధించే వారి దగ్గర వెర్న్యూయి పద్ధతిలో (పొడిని మంటలో కరిగించి) చేసిన సింథటిక్ కెంపులు చూపడానికి ఉంటాయి. 1902లో ప్రకటించిన పద్ధతి అది. అలాంటి కెంపుల్లో 10 రెట్ల లూపు (చేతి భూతద్దం)తో వంకర గీతలు, గుండ్రటి బుడగలు కనిపిస్తాయి. సహజ కెంపులో గీతలు సూటిగా, కోణాలుగా ఉంటాయి, పట్టుపోగుల్లాంటి రూటైల్ సూదులు ఉండొచ్చు. సింథటిక్ అని తేలినా విసిరేయొద్దు, పాఠాలకు కొన్నది అదే. జాబితాలో ఆ మాట రాయండి.

గోస్తనీతీరం

అందరికీ కృతజ్ఞతలు. పుస్తకంలో ఏం ఉండాలో కూడా చెప్పండి. పొగడ్తలతో నింపడం అమ్మగారికి ఇష్టం లేదు.

సముద్రగర్భం

నోట్‌బుక్కుల్లోని టోపోషీట్ నంబర్లను దశాబ్దాల వారీగా ఒకే మ్యాపు మీద గుర్తించండి. సారు ఏ ఏళ్ళలో పాడేరు సఫిరిన్ ఖనిజం వెంట పడ్డారో, ఎప్పుడు నర్సీపట్నం క్రిసోబెరిల్ రత్నం వైపు మళ్ళారో అందులోనే కనిపిస్తుంది. ఆయన గైడ్ చేసిన థీసిస్‌ల పేర్లు, సంవత్సరాలు పక్కపేజీలో వేయండి. థిన్ సెక్షన్లు కోసిన ల్యాబ్ అటెండెంటును, ఫీల్డుకు తీసుకెళ్ళిన డ్రైవరును కలిసి, వాళ్ళ మాటలు వాళ్ళ పేర్లతో, వాళ్ళ అనుమతితో వేయండి. ఏ క్వారీలో ఏ మూల రాయి కొట్టారో వాళ్ళకే బాగా గుర్తుంటుంది. విశాఖ ఎదుట సముద్రంలో ఉన్న లోతైన లోయల్లో ఒకదానికి ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ గారి పేరుంది. భూగర్భశాస్త్రం చెప్పిన మనిషిని మ్యాపులో చూపించడం ఈ ఊరికి కొత్త కాదు.

అప్పగించేటప్పుడు జాబితా రెండు ప్రతులు, ప్రతి పేజీ మీద ఇరుపక్షాల సంతకాలు. రత్నాలకు క్యారట్లలో బరువు, ఫోటో, సీలు వేసిన కవరు విడిగా. సేకరణను ముక్కలుగా పంచకూడదనీ, పరిశోధకులు అడిగితే చూపాలనీ దానపత్రంలో రాయించండి. అమ్మగారు కొన్ని ఉంచుకుంటే ఆ నంబర్లకు ఎదురుగా ‘కుటుంబం వద్ద’ అని రాస్తే చాలు.

అభ్రకంపొర

ప్రదర్శనకు ఒక్కమాట. ఎల్‌ఈడీ లైట్లే వాడండి. అమెథిస్ట్, కుంజైట్ ఎండకు వెలిసిపోతాయి, కిటికీ పక్కన పెట్టొద్దు. రియల్గార్ (ఎర్రటి ఆర్సెనిక్ ఖనిజం) ఉంటే నల్లగుడ్డ కప్పి, చూసేటప్పుడే తీయండి, వెలుతురుకు పసుపు పొడిగా మారుతుంది. ముగ్గురాయి ముక్కలను గాజు అర మీద కాకుండా కింది చెక్క అరలో పెట్టండి.